పాటను ముక్కల్లో పేర్చడం: మొజాయిక్, సంగీతం మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మోహన రాగంలో ఒక చిన్న గీతం తీసుకుని, స్వరానికో రంగు చొప్పున ఐదు రంగుల గాజు బిళ్లలు పేర్చాను. దగ్గర నుంచి చూస్తే నొటేషన్‌తో సరిగ్గా సరిపోతోంది. నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే మాత్రం రంగు కాగితాలు చల్లినట్టుంది. పాట ఎక్కడా కనబడదు. లోపం ఎక్కడ?

జవాబు: పేర్చడంలో లోపం లేదు, రంగులు ఎంచుకున్న పద్ధతిలో ఉంది. ఫలానా స్వరానికి సహజంగా ఫలానా రంగు అంటూ ఏమీ లేదు. న్యూటన్ 1704 నాటి 'ఆప్టిక్స్'లో ఇంద్రధనుస్సు రంగుల్ని ఏడు స్వరాల అంతరాలతో పోల్చి చూశాడు. రష్యన్ స్వరకర్తలు స్క్రియాబిన్, రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఇద్దరూ పాశ్చాత్య సంగీతంలోని శ్రుతులకు (డి మేజర్, సి మేజర్ లాంటివి) రంగులు చెప్పారు. డి మేజర్ పసుపు అన్నచోట ఇద్దరూ ఏకీభవించారు గానీ, సి మేజర్ ఒకరికి ఎరుపు, మరొకరికి తెలుపు. కాబట్టి 'సరైన' రంగు కోసం వెతకకండి, కంటికి పనికొచ్చే రంగు చూసుకోండి.

దూరం నుంచి కంటికి ముందుగా అందేది వెలుగునీడల తేడా. మీ ఐదు రంగులూ దాదాపు ఒకే ముదురులో ఉంటే స్వరం ఎక్కిందో దిగిందో తెలియదు. అందుకని స్థాయిని వెలుగుకు అప్పగించండి: మంద్రం (కింది స్థాయి) ముదురు, తారస్థాయి (పై స్థాయి) లేత, మధ్యలో స రి గ ప ద మెట్లు మెట్లుగా తేలిపోవాలి. ఇక రంగు కుటుంబాలు రెండో మూడో చాలు. స, ప రెండూ బూడిద కలిసిన నీలాల్లో, రి ఆకుపచ్చలో, రాగఛాయను పట్టిచ్చే గ, ద మాత్రం వెచ్చటి రంగుల్లో ఉంటే మోహనం నడక దూరానికి కూడా తెలుస్తుంది. బంగారు బిళ్లలు సమం (తాళం మొదలయ్యే దెబ్బ) మీద తప్ప మరెక్కడా వాడకండి. నాలుగుచోట్ల మెరిస్తే సమం ఎక్కడుందో కన్ను మర్చిపోతుంది.

అతికించే ముందు ఒక పరీక్ష చేయండి. బిళ్లల్ని స్వరక్రమంలో వరుసగా పెట్టి, ఫోన్ కెమెరాతో నలుపు తెలుపులో ఫోటో తీయండి. పక్కపక్క స్వరాలు రెండూ ఒకే బూడిదగా కనిపిస్తే ఒకదాన్ని మార్చాలి. చివరికి పలక ఎక్కడ వేలాడుతుందో ఆ వెలుతురులోనే చూడాలి. ఒకే రంగైనా నిగనిగలాడే గాజు, మెరుపు లేని పింగాణీ కన్నా ముదురుగా కనిపించవచ్చు.

ఇప్పటికే అతికించింది మొత్తం పీకనక్కర్లేదు. స, ప బిళ్లల్ని మాత్రం ఊడదీసి వాటి మెట్టుకు తగ్గ ముదురులో బూడిద నీలాలు పెట్టి చూడండి. మీ గీతంలో ఆ రెండూ తరచుగా వస్తుంటే, అవి వెనక్కి తగ్గగానే మిగతావి వాటంతటవే ముందుకొస్తాయి.

ప్రశ్న: ఆదితాళంలో ఒక్కో ఆవర్తనాన్ని (తాళం ఒక చుట్టు) ఒక్కో వరుసగా వేస్తున్నాను. దీర్ఘ స్వరాలకు పొడుగు ముక్కలు కోస్తున్నాను. మొదటి వరుసలో అన్నీ పొట్టి బిళ్లలే కాబట్టి బాగానే వచ్చింది. మూడో వరుసకి వచ్చేసరికి చివర దాదాపు మూడు బిళ్లల ఖాళీ మిగిలింది. తాళం తప్పలేదని మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను.

జవాబు: తాళం తప్పలేదు, సందులు తప్పాయి. ఈ పనిలో దాదాపు అందరూ పడే గుంట ఇదే.

ఆదితాళం 8 అక్షరాలు (లెక్కలు), చతురశ్ర గతిలో అక్షరానికి 4, మొత్తం 32 పాళ్లు (సమాన భాగాలు). బిళ్ల 15 మి.మీ., సందు 2 మి.మీ. అనుకుంటే పాలుకు 17 మి.మీ. 32 బిళ్లలు, మధ్యలో 31 సందులు: 542 మి.మీ. ఇప్పుడు నాలుగు పాళ్ల దీర్ఘానికి 15ని నాలుగుతో హెచ్చవేసి 60 మి.మీ. ముక్క కోస్తే, అది మింగేసిన మూడు సందుల వెడల్పు పోయినట్టే. దాని సరైన పొడవు 66. అలాంటి ముక్కలు ఎనిమిది ఉన్న వరుస 542కి బదులు 494 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. అంటే 48 మి.మీ. తరుగు, మీరు చూసిన మూడు బిళ్లల ఖాళీ అదే.

గుర్తుంచుకోవలసిన కొలతలు: రెండు పాళ్లకు 32, మూడింటికి 49, నాలుగింటికి 66, ఆరింటికి 100 మి.మీ. ఇవి గీసిన ఒక అట్టముక్కను కొలబద్దగా చేసి పక్కన పెట్టుకుంటే టేపు అవసరమే రాదు.

గతి మారితే అక్షరం పొడవు 68 మి.మీ.గానే ఉంచి లోపల పంచాలి. తిశ్రంలో (అక్షరానికి 3) ఒక్కో పాలు 22.7 (బిళ్ల 20.7), ఖండంలో (అక్షరానికి 5) 13.6 (బిళ్ల 11.6), మిశ్రంలో (అక్షరానికి 7) 9.7 (బిళ్ల 7.7). మిశ్ర గతి బిళ్లలు నిప్పర్‌తో (బిళ్లలు కొరికే పటకారు) కోస్తే అంచులు చిట్లిపోతాయి. గాజును ముందు 8 మి.మీ. పట్టీలుగా గీసి విరిచి, తరవాత అరగదీసుకోవడం నయం.

లఘువు (మొదటి 4 అక్షరాలు), ద్రుతాల (తరవాతి 2, 2) మధ్య సందును 4 మి.మీ.కు పెంచితే అంగవిభజన గీత గీయకుండానే కనిపిస్తుంది. ఆవర్తనంలో అలాంటి చోట్లు రెండు, కాబట్టి మొత్తం 546 మి.మీ. 600 మి.మీ. పలక మీద అటూ ఇటూ 27 మి.మీ. అంచు మిగులుతుంది. ఎత్తుగడ (పాట మొదలయ్యే చోటు) సమం మీద కాక అర అక్షరం తరవాత ఉంటే మొదటి రెండు పాళ్లు ఖాళీగా వదలొద్దు. నేపథ్యం రంగు బిళ్లలు పెట్టండి. ఖాళీ వదిలితే అక్కడ గ్రౌట్ (సందుల్లో నింపే ముద్ద) చెరువులా నిలిచి, ఎండేటప్పుడు కుంచించుకుని పగులుతుంది.

ప్రశ్న: కాగితం మీద బోర్లా అతికించి, గోడకు పెట్టాక కాగితం తీసే పద్ధతిలో చేశాను. ఇంకా గోడకు పెట్టలేదు గానీ ఇప్పుడు చూసుకుంటే, పెట్టాక పాట కుడి నుంచి ఎడమకు నడుస్తుందని అర్థమైంది. బిళ్లలకు ఒకవైపే రంగు. మొత్తం పారేయాలా?

జవాబు: అక్కర్లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి ఏ బిళ్లా రెండు వరుసల్లోకి పాకకుండా, ప్రతి వరుసా దేనికదే విడిగా ఉందనుకుంటున్నాం. అలాగైతే కాగితాన్ని వరుసల మధ్య సందుల వెంట పట్టీలుగా కోయండి. ఒక్కో పట్టీని తిరగెయ్యకుండా, ఉన్నచోటే సగం చుట్టు, అంటే 180 డిగ్రీలు తిప్పండి. వరుసల క్రమం అలాగే ఉంటుంది, వరుస లోపలి క్రమం మాత్రం తిరగబడుతుంది. దీర్ఘ ముక్కలు, వెడల్పు సందులు అన్నీ వాటి స్థానాలకు వచ్చేస్తాయి. కోసే ముందే ప్రతి పట్టీ కాగితం మీద వరుస సంఖ్య, 'సమం' వైపు బాణం గుర్తు రాసుకోండి.

వంపు వరుసలు ఉండి ఉంటే ఈ చిట్కా పనికిరాదు. రెండువైపులా ఒకే రంగున్న గాజుకైతే మరో దారి ఉంది: వెనకవైపు పారదర్శకమైన అంటు ఫిల్మ్ వేసి, ముందువైపు కాగితాన్ని తడిపి తీసేసి, ఫిల్మ్ వైపునే ముఖంగా గోడకు పెట్టడం. వెనకవైపు పొడిగా, దుమ్ము లేకుండా ఉండాలి. లేదంటే ఫిల్మ్ సగం దారిలో బిళ్లల్ని వదిలేస్తుంది.

ఇకముందు బొమ్మను ట్రేసింగ్ కాగితం మీద గీసి, తిరగేసి, ఆ వెనక గీతల మీదే పేర్చండి. ముఖాన్ని కాగితానికి అంటించే జిగురు నీటిలో కరిగేదై ఉండాలి, మైదా గంజి చాలు. గోడకు పెట్టాక 20 నుంచి 30 నిమిషాలు ఆగి స్పాంజితో తడపండి. కాగితం ముదురు రంగుకు తిరిగాక, గోడకు ఆనించినట్టుగా పక్కకి లాగండి. ఎదురుగా మీ వైపు లాగితే బిళ్లలు ఊడి వస్తాయి. అప్పటికి అడ్హెసివ్ ఇంకా పచ్చిగానే ఉంటుంది కాబట్టి జారినవాటిని వేలితో సర్దవచ్చు.

అన్నట్టు, జర్మన్ స్వరకర్త బాఖ్ 1747 నాటి 'మ్యూజికల్ ఆఫరింగ్'లో ఒక గొంతు ముందు నుంచి, ఇంకో గొంతు అదే పాటను చివరి నుంచి నడిపే కేనన్ ఒకటుంది. అలాంటిదే మీరూ కావాలనుకుంటే పట్టీల్లో సగం తిప్పి సగం వదిలేయండి.

ప్రశ్న: తాళం ఒక చక్రం కదా, గుండ్రటి బల్ల మీద వేస్తే ఎలా ఉంటుంది? మిశ్రచాపు అయితే?

జవాబు: బాగుంటుంది. తిన్నటి వరుసలో చివరి అక్షరం, సమం చెరో కొసన ఉండిపోతాయి. వలయంలో పక్కపక్కన కూర్చుంటాయి. ఆదితాళంలో లఘువుకు 180 డిగ్రీలు, ద్రుతాలకు తలా 90. మిశ్రచాపు ఏడు అక్షరాలు, 3+4 కాబట్టి 154.3, 205.7 డిగ్రీలు. ఈ కుంటినడకే చాపుకు అందం. సమంగా కనబడాలని సర్దితే చెడిపోతుంది.

కొలతల దగ్గర రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది, బయటి వలయాలకు వెళ్లేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది: 17 మి.మీ. బయటికి జరిగితే సుమారు 107 మి.మీ. ఎక్కువ. అవే 32 బిళ్లల్ని సాగదీస్తూ పోతే బయటి వలయాల్లో నడక నీరసంగా కనిపిస్తుంది. దీన్ని కాలాలకు (పాట వేగాలకు) వాడుకోండి. 86.6 మి.మీ. వ్యాసార్ధంలో 17 మి.మీ. పాళ్లు సరిగ్గా 32 పడతాయి, అది మొదటి కాలం. దానికి రెట్టింపు, 173 మి.మీ. దగ్గర 64 పడతాయి, అది రెండో కాలం. మధ్యలో 130 దగ్గర 48, అంటే అక్షరానికి ఆరు, రెండో కాలపు తిశ్రం. ముక్క పరిమాణం ఒకటే, వేగం మాత్రం బయటికి పెరుగుతూ పోతుంది.

రెండోది ముక్క ఆకారం. వంపులో చదరపు బిళ్ల పెడితే సందు లోపల ఇరుకై, బయట వెడల్పవుతుంది. 15 మి.మీ. బిళ్లకు ఈ తేడా 200 మి.మీ. వ్యాసార్ధం దగ్గర 1.3 మి.మీ., సందులో ఇమిడిపోతుంది. 86.6 దగ్గర 2.9. అక్కడ ముక్కను లోపల 13.5, బయట 16.5 వెడల్పుతో కోయాల్సిందే. కోయకపోతే లోపలి మూలల మధ్య అర మి.మీ. మాత్రమే మిగిలి, కాస్త తేడా వచ్చినా వలయం మూయడానికి చోటు చాలదు.

యతులు (లయ పెరుగుతూ తగ్గుతూ ఏర్పడే ఆకారాలు) వేయాలనుకునేవారికి కూడా ఇదే మాట. ఆవు తోకలా సన్నబడే గోపుచ్ఛ యతిని వరుస వరుసకీ ముక్కలు తగ్గిస్తూ తిన్నటి వరుసల్లో వేస్తే మెట్లగోడ అవుతుంది గానీ తోక అవదు. ముక్కల సంఖ్యతో పాటు వరుసలే వంగుతూ సన్నబడాలి.

ప్రశ్న: దీనికి తిరగబడిన పని చేయాలని ఉంది. ఒక పాత మొజాయిక్ నేల ఫోటో చూసి స్వరాలు రాశాను, ఒక్కో ముక్కకు ఒక్కో స్వరం. వింటే ఒకే స్వరం కొట్టుకుంటూ ఉంది, మధ్యలో అక్కడక్కడ చిందరవందర. ఇందులో సంగీతం ఉందా అసలు?

జవాబు: ఉంది, కానీ ముక్కలో లేదు, వరుసలో ఉంది. మొజాయిక్ చేసేవాళ్లు ముక్కల వరుస ఎటు పారుతుందో దాని మీదే దృష్టి పెడతారు. మీరూ దాన్నే చదవండి. వరుస ఎక్కడ తిరుగుతుందో, ఎక్కడ తెగుతుందో అక్కడ ఒక సంగీత వాక్యం ముగుస్తుంది.

ముందు ఫోటోలో 16 అడ్డం, 8 నిలువు మించని ఒక మూల తీసుకోండి. రంగుల వారీగా లెక్కపెట్టండి. నేపథ్యం రంగే సగానికి పైగా ఉండటం మామూలు. దానికి స్వరం ఇస్తే పాటలో సగానికి పైగా ఆ స్వరమే మోగుతుంది, మీకు జరిగింది ఇదే. నేపథ్యాన్ని విరామంగానో, తంబురా శ్రుతిగానో వదిలేయండి. దాని తరవాత ఎక్కువగా కనిపించే రంగును రాగంలో నిలబడే స్వరానికి ఇవ్వండి. అరుదైన రంగుకు, మీరు ఎంచుకున్న రాగంలో అరుదుగా తగిలే ప్రయోగం. పక్కపక్కన ఒకే రంగు ముక్కలు ఐదు ఉంటే అవి ఐదు స్వరాలు కావు, ఐదు పాళ్ల ఒక కార్వై (సాగదీసిన స్వరం). ఈ ఒక్క నియమంతోనే చిందరవందర సగం తగ్గుతుంది.

ఇంకో చిక్కు సౌష్ఠవం. నేల మొజాయిక్‌లలో అద్దం పెట్టినట్టు కుడి ఎడమలు సరిపోయే నమూనాలు ఎక్కువ. కన్ను దాన్ని ఒక్క చూపులో పట్టేస్తుంది. చెవికి మాత్రం ముందు విన్నది వెనక నుంచి వస్తే కొత్త పాటలాగే వినిపిస్తుంది. అందువల్ల అద్దంలో ప్రతిబింబాన్ని తిప్పి రాయకండి, మొదటి సగాన్నే మళ్లీ పాడించండి. అంచున చుట్టూ తిరిగే నమూనా ఉంటే పల్లవిగా తీసుకోండి, ప్రతి వైపు తిరిగినప్పుడల్లా అది వస్తుంది.

ఈ దారిలో చూడదగినవి రెండు చెబుతాం. రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ 1920లో రాసిన 'సింఫనీస్ ఆఫ్ విండ్ ఇన్‌స్ట్రుమెంట్స్'లో భిన్నమైన సంగీత ఖండాలు అతుకు పూత లేకుండా పక్కపక్కన నిలబడతాయి. ఒకటి ఆగిన చోట ఇంకోటి మొదలవుతుంది. రెండోది చిత్రకారుడు పాల్ క్లే 1932లో వేసిన 'అడ్ పర్నాసుమ్' చిత్రం. ఆయన 1926లో ఇటలీలోని రవెన్నా మొజాయిక్‌లు చూశాడు. ఈ చిత్రం పేరు 1725లో ఫుక్స్ రాసిన కౌంటర్‌పాయింట్ (ఒకేసారి నడిచే గొంతుల్ని కలిపి అల్లే పద్ధతి) పాఠ్యగ్రంథాన్ని గుర్తు చేస్తుంది. కింద పెద్ద రంగు చదరాలు, వాటి మీద చిన్న చిన్న చుక్కల వరుసలు, రెండు పొరలు రెండు వేగాల్లో నడుస్తాయి. మీ నేల ఫోటోలోనూ అలా చూడండి: పెద్ద ఆకారాలు ఒక గొంతు, ముక్కలు ఇంకో గొంతు.

ప్రశ్న: కర్రతో తడితే స్వరం పలికే మొజాయిక్ చేయవచ్చా? రకరకాల సైజుల టైల్ ముక్కలు పలకకు అతికించి తట్టాను, అన్నీ 'టక్' మంటున్నాయి.

జవాబు: అతికిస్తే పలకదు. మోగాలంటే ముక్క వంగి తిరిగి రావాలి, అడ్హెసివ్ దాన్ని వంగనివ్వదు. కాబట్టి పలికే కమ్మీలు వేరు, వాటి చుట్టూ మొజాయిక్ వేరు.

8 నుంచి 10 మి.మీ. మందం ఉన్న విట్రిఫైడ్ టైల్ తీసుకుని 40 మి.మీ. వెడల్పు పట్టీలు కోయండి. అన్నీ ఒకే టైల్ రకం నుంచి, ఒకే దిశలో కోయాలి. టైల్ వెనక గాడులు అడ్డంగా ఉంటే ఒక స్వరం, నిలువుగా ఉంటే ఇంకో స్వరం వస్తుంది. గీసి విరిస్తే కంటికి కనబడని పగుళ్లు పడతాయి, నీటితో కోసే డైమండ్ బ్లేడు వాడండి.

ఇలాంటి కమ్మీలో స్వరం పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. వెడల్పుతో పెద్దగా పనిలేదు. అంటే పైస్థాయికి పొడవు సగం కాదు, 0.707 రెట్లు. షడ్జమానికి 300 మి.మీ. అనుకుంటే మోహనం ఇలా వస్తుంది: స 300, రి 282.8, గ 268.3, ప 244.9, ద 232.4, పైస 212.1. ప్రతిదీ రెండు మూడు మి.మీ. ఎక్కువ కోసుకుని, కొసలు అరగదీస్తూ శ్రుతి పెట్టండి. 300 కమ్మీలో ఒక మిల్లీమీటరు తగ్గితే సుమారు 12 సెంట్లు (సెంటు అంటే ఒక స్థాయిలో 1200వ వంతు), 212లో సుమారు 16 సెంట్లు పెరుగుతుంది. చివరి దశలో డైమండ్ ఆకురాయి మాత్రమే వాడండి. శ్రుతి మించిపోతే కమ్మీ అడుగున నడిమి భాగాన్ని కాస్త పలచన చేయండి, కిందికి దిగుతుంది. ఈ పనంతా తడితో, పార్టికల్ మాస్కు పెట్టుకుని చేయాలి. ఆ పొడిలోని సిలికా ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది.

ఆధారాలు ఇంకా ముఖ్యం. రెండు కొసల నుంచి పొడవులో 22.4 శాతం దగ్గర కమ్మీ కదలదు. 300కు 67 మి.మీ., 212కు 47.5. అక్కడే మెత్తటి రబ్బరు లేదా ఫెల్టు పట్టీలు పెట్టండి. కొసల కింద పెడితే మూగబోతుంది. తట్టేది సరిగ్గా నడిమిన. అక్కడ తడితే మూల స్వరానికి 2.76 రెట్లుండే, రాగంతో కలవని రెండో నాదం లేవదు. ఆధారం మీద తడితే అసలు స్వరమే రాదు.

కమ్మీల మీద అందం కోసం చిన్న ముక్కలు అతికించకండి. బరువుకు శ్రుతి దిగుతుంది, అంటుకు నాదం చస్తుంది. పలకలో కమ్మీ కన్నా చుట్టూ 4 మి.మీ. పెద్ద కిటికీలు వదిలి, కమ్మీలు అందులో తేలేలా అమర్చండి. ఆ 4 మి.మీ.లో గ్రౌట్ పొరపాటున ఒక్క చుక్క పడినా ఆ స్వరం పోయినట్టే. అందుకే గ్రౌట్ పనంతా అయ్యాక, ఆఖరున కమ్మీలు పెట్టండి.

ప్రశ్న: తట్టడం కాదు, తాకితే స్పీకరులో స్వరం రావాలి. బిళ్లల కింద రాగి టేపు పెడితే సరిపోతుందా?

జవాబు: 4 మి.మీ. గాజు మీద బాగా పనిచేస్తుంది, మందపాటి పింగాణీ మీద బలహీనం. ఎంపీఆర్121 చిప్ ఒక్కటి 12 స్పర్శ స్థానాల్ని చదువుతుంది. పారదర్శక గాజైతే టేపు కనిపిస్తుంది, వెనక తెల్ల పూత వేయాలి. సిమెంటు గ్రౌట్ తడి ఆరేవరకు పొరుగు స్వరాలు కలిసి మోగుతాయి, ఆరాక కూడా తేమ చేరితే అదే గొడవ. ఎపాక్సీ గ్రౌట్‌తో ఇది చాలావరకు తీరుతుంది. టేపుల మధ్య కనీసం 10 మి.మీ. ఎడం ఉంచండి, తీగలు పొట్టిగా ఉంచండి, పూర్తిగా ఆరాకే సున్నితత్వం సరిచేయండి.

ప్రశ్న: గ్రౌట్ ఏ రంగు? తెల్లది వేస్తే పాటంతా వెలిసిపోయింది.

జవాబు: మీ బిళ్లల్లో అన్నిటికన్నా ముదురుదానికీ, మధ్యరకానికీ నడుమ ఉండే బూడిద రంగు. సందులు ఈ పలకలో విరామాలు. తెల్లటి గ్రౌట్ వేస్తే ముక్కల కన్నా గళ్లే ఎక్కువగా కనిపిస్తాయి. 3 మి.మీ. లోపు సందులకు ఇసుక కలవని గ్రౌట్, అంతకు మించితే ఇసుక కలిసినది. నీరు కంటిచూపుతో పోయకుండా సంచి మీద రాసిన కొలతకు తూచి కలపండి. నీళ్లెక్కువైతే ఎండాక మచ్చలు మచ్చలుగా లేతబడుతుంది. తెల్లది ఇప్పటికే వేశారు కాబట్టి, తవ్వనక్కర్లేదు: సందుల్ని శుభ్రం చేసి గ్రౌట్ రంగు పూత సన్నటి కుంచెతో వేయండి, బిళ్లల మీద పడ్డది ఆరకముందే తడిగుడ్డతో తుడవండి. ముందు ఒక్క ఆవర్తనం వేసి, ఆరాక చూసి, తరవాత మిగతాది మొదలుపెట్టండి.